ముఖానికి ఒక చెంబు చన్నీళ్ళు



ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు. ఎవరో ఒకరు గిన్నెనిండా ఐస్ ముక్కలు పోసుకుని, అందులో ముఖం ముంచుతూ కనబడుతున్నారు. సినిమా తారలు ముంచుతున్నారు. వాళ్ళని చూసి కాలేజీ పిల్లలు ముంచుతున్నారు. ముఖం మెరిసిపోతుందట. చర్మరంధ్రాలు మూసుకుపోతాయట. రంగు తేలుతుందట. ముడతలు పోతాయట. వినడానికి బాగానే ఉంది. పెద్ద ఖర్చు కూడా లేదు. నీళ్ళే కదా!

ఇందులో నిజం ఎంత, ఊదరగొట్టడం ఎంత? ఈ పూట మనం మాట్లాడుకునేది ఆ ఒక్క సంగతే. ముఖానికి చన్నీళ్ళు ఏం చేస్తాయి? ఏం చెయ్యవు? ఇంట్లో ఎలా పోసుకోవాలి? 

మూడు మాటలు గుర్తుంటే చాలు. చల్లగా. కాసేపే. వెచ్చటి ఒంటితో. 

మళ్ళీ చెబుతాను. నీళ్ళు చల్లగా ఉండాలి, ఐస్ అక్కర్లేదు. కాసేపే పోసుకోవాలి, నిమిషం దాటనక్కర్లేదు. పోసుకునే వేళకి ఒళ్ళు వెచ్చగా ఉండాలి, ఆ తర్వాతా వెచ్చబడాలి, చలికి వణుకుతూ ఉండకూడదు. చల్లగా, కాసేపే, వెచ్చటి ఒంటితో. 

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ఈ ఫోన్లూ వీడియోలూ పుట్టకముందు ఎప్పుడో పుట్టింది. దాని కథ కొంచెం చెబుతాను.

జర్మనీలో బవేరియా అనే ప్రాంతం ఉంది. అక్కడ ఒక నేతపనివారి ఇంట్లో 1821లో సెబాస్టియన్ క్నైప్ పుట్టాడు. చిన్నప్పుడు తనూ మగ్గం ముందు కూర్చున్నవాడే. చదువుకుని చర్చిలో పాదరీ కావాలని ఆశ. తీరా చదువు సాగుతుండగా ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. క్షయ అని చెబుతారు. ఆ రోజుల్లో దానికి మందు లేదు. 

అప్పుడతని చేతికి ఒక పాత పుస్తకం దొరికింది. చన్నీళ్ళ గుణాల మీద హాన్ అనే వైద్యుడు అంతకు వందేళ్ళ ముందు రాసిన పుస్తకం. అది చదివి, 1849 చలికాలంలో క్నైప్ డాన్యూబ్ నదిలో దిగాడు. దిగడం, క్షణాల్లో పైకి రావడం, బట్టలేసుకుని ఒళ్ళు వెచ్చబడేదాకా ఇంటికి పరుగెత్తడం. ఇదీ అతని వైద్యం. క్నైప్ కోలుకున్నాడు. నీళ్ళవల్లే కోలుకున్నాడని నేననను. క్షయకి ఇవాళ మంచి మందులున్నాయి, అవే వాడాలి. కానీ ఆ వైద్యంలో మన మూడు మాటలూ ఉన్నాయి చూడండి. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మునక కాసేపే. ఆ వెంటనే ఒంటికి వెచ్చదనం. 

క్నైప్ 1852లో పాదరీ అయ్యాడు. 1855లో వోరిస్‌హోఫెన్ అనే పల్లెకి వెళ్ళాడు. 1897లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. 1886లో తన జలచికిత్స గురించి పుస్తకం రాశాడు. దాంతో ఆ పల్లెకి జనం తండోపతండాలుగా వచ్చారు. వాళ్ళలో రాజవంశీకులు కూడా ఉన్నారు. ఇవాళ్టికీ అది నీటి చికిత్సలకి పేరున్న ఊరే. 2015లో జర్మనీ వాళ్ళు ఈ క్నైప్ పద్ధతిని తమ దేశపు సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకున్నారు. 

ఈయన ప్రతిదానికీ ఒళ్ళంతా నీళ్ళల్లో ముంచమనలేదు. ఒక్కొక్క భాగానికి విడివిడిగా ధార పొయ్యమన్నాడు. మోకాళ్ళకి ఒక ధార, చేతులకి ఒక ధార, ముఖానికి ఒక ధార. మొదట్లో దేనితో పోసేవాడో తెలుసా? తోటలో మొక్కలకి నీళ్ళు పోసే డబ్బాతో. ఆ ముఖధారకే అక్కడి జనం సౌందర్యధార అని పేరు పెట్టారు. 

నీటి చికిత్స మన తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. క్నైప్ కాలంలోనే జర్మనీలో లూయీ కూనే అని ఇంకొకాయన ఉండేవాడు. తొట్టిస్నానాలతో వైద్యం చేసేవాడు. ఆయన పుస్తకాన్ని వెంకటాచలపతి శర్మ గారు 1894లోనే తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి చికిత్స ఉద్యమం ఆ పుస్తకంతోనే మొదలైందని చెబుతారు. గాంధీగారు కూడా కూనే చెప్పిన స్నానాలు ఇంట్లో చేయించినవారే. 

సరే, కథ అయింది. ఇప్పుడు చర్మం సంగతికి వద్దాం. 

మీ చేతిని కాసేపు ఫ్రిజ్ నీళ్ళలో పెట్టండి. వేళ్ళ కొనలు పాలిపోతాయి. ఎందుకని? చలి తగలగానే చర్మం కింద ఉన్న సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఒంట్లో వేడి బయటికి పోకుండా శరీరం చేసుకునే ఏర్పాటు అది. రక్తం కొంచెం లోపలికి తగ్గుతుంది. చెయ్యి బయటికి తీశాక కాసేపటికి ఆ నాళాలు మళ్ళీ తెరుచుకుంటాయి. వెచ్చటి రక్తం పైకి వస్తుంది. చెయ్యి గులాబీ రంగుకి తిరుగుతుంది. 

ముఖంలోనూ జరిగేది ఇదే. మొదట చర్మం బిగుసుకున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత వెచ్చబడి కళ వస్తుంది. ఆ బిగుతూ ఆ కళా రెండూ నిజమే. కానీ కాసేపే ఉంటాయి. ఈ సంగతి మనసులో పెట్టుకోండి. చన్నీళ్ళు చేసేది నిజం, కానీ అది కాసేపే. 

ఇది ఎవరికి ఉపయోగం? పొద్దున్నే ముఖం ఉబ్బి లేచేవాళ్ళకి. 

ఒక పెళ్ళింటికి వెళదాం రండి. ముహూర్తం తెల్లవారుజామున మూడు గంటలకి. అమ్మాయికి రాత్రంతా నిద్ర లేదు. హోమం పొగ కళ్ళలోకి వెళ్ళింది. అప్పగింతల్లో ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. తెల్లారి ఓ గంట కునుకు తీసి లేచింది. అద్దం చూసుకుంది. 

"పిన్నీ, నా ముఖం చూడవే! ఎట్లా ఉబ్బిపోయిందో! పదింటికి సత్యనారాయణ వ్రతం, ఫొటోల వాళ్ళు వచ్చేస్తారు" అంది. 

"కంగారు పడకు తల్లీ! ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్క తెస్తా, రుద్దుకుందువుగాని" అంది పిన్ని. 

పిన్నిగారూ, మీరక్కడే ఆగండి. ఐసు ముక్క ఎందుకు వద్దో తర్వాత చెబుతాను. ముందు ఆ ముఖం ఎందుకు ఉబ్బిందో చూద్దాం. కళ్ళ చుట్టూ ఉండే చర్మం చాలా పలచన. పడుకున్నప్పుడు ఒంట్లో నీరు ముఖం వైపు కూడా చేరుతుంది. ఆ పలచటి చోట నిలిచి ఉబ్బులా కనబడుతుంది. ఏడుపు, నిద్రలేమి, పొగ తోడైతే ఇంకా ఎక్కువ. రాత్రి భోజనంలో ఉప్పు ఎక్కువైనా అంతే. పెళ్ళి భోజనంలో ఊరగాయ, అప్పడం, వడియాలు, పులిహోర ఏదీ వదలం కదా! రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే అన్నిటిలో కలిపి ఒక చిన్న చెంచా. ఆ చెంచా మనకి ఒక్క పూటకే అయిపోతుంది. 

లేచి నిలబడి అటూ ఇటూ తిరిగితే ఈ ఉబ్బు దానంతట అదే దిగుతుంది. చన్నీళ్ళు ఆ పనిని కొంచెం త్వరగా చేస్తాయి. రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి ఉబ్బు తగ్గినట్టు కనబడుతుంది. ఎరుపు తగ్గుతుంది. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు అంటారే, అంతమాత్రం సాయం. అసలు మందు నిద్రే. 

ఇంకో లాభం కూడా ఉంది. మత్తు వదలడం. ముఖం మీద చలిని పసిగట్టే నాడులు చాలా ఉన్నాయి. నీళ్ళు తగలగానే అవి మెదడుకి కబురు పంపుతాయి. అందుకే రాత్రిపూట లారీ నడిపే డ్రైవరు దాబా దగ్గర ఆగి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటాడు. పరీక్షలకి చదివే పిల్లాడు కుళాయి దగ్గరికి వెళతాడు. ఆ హుషారు కూడా కాసేపే అని డ్రైవరు అన్నలు గుర్తుంచుకోవాలి. నిద్ర ముంచుకొస్తుంటే బండి పక్కన ఆపి పడుకోవడమే మంచిది. 

ఈ చల్లదనం విషయంలో ఒక తమాషా చెబుతాను. పుదీనాలో మెంథాల్ అనే పదార్థం ఉంటుంది. చలిని పసిగట్టే మన నాడుల్లో ఒక రకం గ్రాహకం ఉంటుంది. చన్నీళ్ళు తగిలినా అది మేల్కొంటుంది, మెంథాల్ తగిలినా మేల్కొంటుంది. మెదడు మాత్రం రెంటినీ చలే అనుకుంటుంది. వేడినీ చలినీ స్పర్శనీ మనం ఎలా గుర్తిస్తామో తేల్చినందుకు ఇద్దరు శాస్త్రవేత్తలకి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పాటపూటియన్ వాళ్ళ పేర్లు. కాబట్టి మెంథాల్ కలిపిన సబ్బో క్రీమో రాసుకుని, ముఖం చల్లబడింది అనుకోకండి. చల్లగా అనిపించింది, అంతే. చన్నీళ్ళు అయితే నిజంగానే చల్లబరుస్తాయి. 

ఇక చన్నీళ్ళు ఏం చెయ్యవో చెప్పుకుందాం. 

మొదటిది, చర్మరంధ్రాలు. వేణ్ణీళ్ళకి తెరుచుకుంటాయి, చన్నీళ్ళకి మూసుకుంటాయి అని అందరం విన్నాం. బ్యూటీ పార్లర్‌లో కూడా చెబుతారు. అది నిజం కాదు. రంధ్రం గుమ్మం లాంటిది, దానికి తలుపులు లేవు. తెరవడానికీ మూయడానికీ అక్కడ కండరం లేదు. చలికి చుట్టూ ఉన్న చర్మం కాస్త బిగుసుకుంటే రంధ్రం చిన్నదైనట్టు కనబడుతుంది. ముఖం వెచ్చబడగానే మళ్ళీ మామూలే. 

రెండోది, రంగు. మన చర్మం రంగు మెలనిన్ అనే పదార్థాన్ని బట్టి ఉంటుంది. చన్నీళ్ళు దాన్ని కడిగెయ్యలేవు. మంగు మచ్చలూ పోవు. రంగు తేలాలని ఇది మొదలుపెడితే నిరాశే మిగులుతుంది. అసలు చామనఛాయకి ఏం తక్కువైంది చెప్పండి! 

మూడోది, ముడతలు. వయసు వల్లా ఎండ వల్లా వచ్చే ముడతలు నీళ్ళతో పోవు. మొటిమలూ తగ్గవు. వాటి మంట కాసేపు చల్లారవచ్చు. 

నాలుగోది, జిడ్డు. ఇది చాలామంది పట్టించుకోని సంగతి. చన్నీళ్ళతో జిడ్డు సరిగ్గా వదలదు. నెయ్యి గిన్నెని చన్నీళ్ళతో తోమి చూసిన ఇల్లాలికి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. ముఖం మీద నూనె, ఎండకి రాసుకున్న సన్‌స్క్రీన్, రోడ్డు మీద దుమ్ము ఇవన్నీ పోవాలంటే గోరువెచ్చని నీళ్ళే వాడాలి. చర్మవైద్యులు చెప్పేది కూడా గోరువెచ్చని నీళ్ళే. మరీ వేడినీళ్ళు వద్దు, చర్మం పొడిబారిపోతుంది. కాబట్టి శుభ్రం చేసుకోవడానికి గోరువెచ్చని నీళ్ళు. ఆ తర్వాత, చివరన చన్నీళ్ళు. ఈ వరస తప్పకండి. 

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. చన్నీళ్ళంటే ఎంత చల్లగా? 

క్నైప్ పద్ధతిలో చన్నీళ్ళంటే 18 డిగ్రీలకి లోపు. బవేరియాలో కుళాయి తిప్పితే ఆ నీళ్ళు వస్తాయి. మన దగ్గర? మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం పూట డాబా మీది ట్యాంకు నీళ్ళు పట్టండి. చెయ్యి కాలుతుంది. అదే డిసెంబరులో లంబసింగి వెళ్ళండి. తెల్లారి కుళాయి నీళ్ళు ముట్టుకుంటే జివ్వుమంటుంది. కుళాయి ఒకటే, నీళ్ళు వేరు. కాబట్టి కుళాయిని నమ్మడానికి లేదు. 

కుండనీళ్ళున్న ఇంట్లో సగం పని అయినట్టే. కుండ గోడల్లోంచి నీరు చెమ్మగా పైకి వచ్చి ఆవిరవుతూ ఉంటుంది. ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అందుకే నీళ్ళు చల్లబడతాయి. గాలి పొడిగా ఉండే కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు కుండ బాగా పనిచేస్తుంది. సముద్రం పక్కన కాకినాడలోనో విశాఖలోనో గాలిలో తేమ ఎక్కువ. అక్కడ కుండ అంతగా చల్లబడదు. ఎక్కడైనా కుండనీళ్ళు ముఖానికి హాయిగానే ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్ళకి అవి చాలు. 

ఇంకొంచెం చల్లగా కావాలా? ఫ్రిజ్ నీళ్ళలో కుళాయి నీళ్ళు కలపండి. ఫ్రిజ్‌లో సీసా నీళ్ళు ఇంచుమించు 8 డిగ్రీలు అనుకుందాం. కుళాయి నీళ్ళు 30 డిగ్రీలు అనుకుందాం. అదొక చెంబు, ఇదొక చెంబు కలిపితే 19 డిగ్రీలవుతుంది. క్నైప్ లెక్కకి ఒక్క డిగ్రీ ఎక్కువ, అయినా మనకి అది చాలు. మండువేసవిలో కుళాయి నీళ్ళు మరీ వేడిగా ఉంటే, రెండు చెంబుల ఫ్రిజ్ నీళ్ళకి ఒక చెంబు కుళాయి నీళ్ళు కలపండి. థర్మామీటరు అక్కర్లేదు. మణికట్టు లోపలివైపు కాసిని పోసుకు చూడండి. చల్లగా ఉండాలి, నొప్పి పుట్టకూడదు. నొప్పి పుట్టిందంటే మరీ చల్లగా ఉన్నట్టు. ఇంకాసిని కుళాయి నీళ్ళు కలపండి. 

ఇక పోసుకునే పద్ధతి చెబుతాను. నిదానంగా వినండి. 

ముందు ఒళ్ళు వెచ్చగా ఉందో లేదో చూసుకోండి. ముఖ్యంగా పాదాలు. పాదాలు చల్లగా ఉంటే అటూ ఇటూ నాలుగడుగులు నడవండి. చల్లబడ్డ ఒంటి మీద చన్నీళ్ళు పోయకూడదన్నది క్నైప్ గట్టిగా చెప్పిన నియమం. కళ్ళలో కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసెయ్యండి. లెన్సులకి కుళాయి నీళ్ళు తగలడం కంటికి మంచిది కాదు. గోరువెచ్చని నీళ్ళతో ముఖం కడుక్కోండి. మెడ చుట్టూ ఒక తువ్వాలు వేసుకోండి. 

ఇప్పుడు సింకు మీదికో, బేసిను మీదికో వంగండి. కళ్ళు మూసుకోండి. నోటితో ఊపిరి పీల్చుకుంటూ ఉండండి. ఊపిరి బిగపట్టకండి. ఈ మాట ముఖ్యం, మళ్ళీ చెబుతున్నాను. ఊపిరి బిగపట్టకండి. 

చెంబు కుడి కణత దగ్గర పెట్టండి. చెంబు అంచు ముఖానికి దగ్గరగా ఉండాలి. నీళ్ళు కొట్టకూడదు, జారాలి. కుడి కణత నుంచి నుదుటి మీదుగా ఎడమ కణతకి మెల్లగా పోస్తూ వెళ్ళండి. మళ్ళీ వెనక్కి రండి. తర్వాత కుడి చెంప. నుదురు దగ్గర మొదలుపెట్టి గడ్డం దాకా పై నుంచి కిందికి. తర్వాత ఎడమ చెంప, అలాగే. చివరగా ముఖం చుట్టూ గుండ్రంగా ఒకటి రెండు సార్లు. అయిపోయింది. మొత్తం నిమిషం కూడా పట్టదు. 

నుదురు, కుడి చెంప, ఎడమ చెంప, చుట్టూ. ఇంతే వరస. 

తువ్వాలుతో గట్టిగా రుద్దకండి. అరచేత్తో నీళ్ళు దులుపుకోండి. లేదా మెత్తటి బట్టతో అద్దుకోండి. ముఖం కొంచెం చెమ్మగా ఉండగానే మీరు మామూలుగా వాడే క్రీము రాసుకోండి. చెమ్మ నిలుస్తుంది. ఆ వెంటనే ఫ్యాను కిందో ఏసీ ఎదురుగానో కూర్చోకండి. ముఖం దానంతట అది వెచ్చబడనివ్వండి. 

నేనూ ఇది చేసి చూశాను. చెంబుతోనే, వంటింటి సింకు దగ్గరే. కణత దగ్గర మొదటి చుక్క పడగానే ఊపిరి ఒక్కసారి పైకి లాక్కుంటుంది. నోటితో ఊపిరి తియ్యమని ఎందుకన్నారో అప్పుడు తెలుస్తుంది. ధార నుదురు దాటేసరికి ఆ ఉలికిపాటు సర్దుకుంటుంది. ముక్కు పక్కన, పై పెదవి మీద చలి ఎక్కువగా తెలుస్తుంది. చెంపలు బిగుసుకుంటాయి. చెంబు కింద పెట్టిన కాసేపటికి చెవుల దగ్గర మొదలై ముఖమంతా వెచ్చదనం పాకుతుంది. పుస్తకాల్లో ముఖం గులాబీ రంగు అవుతుందని రాస్తారు. మన రంగు ముఖాల్లో ఆ ఎరుపు అంతగా కనబడదు. వెచ్చదనం మాత్రం వేళ్ళతో తాకితే తెలుస్తుంది. రెప్పల బరువు దిగుతుంది. పొద్దున కాఫీ కంటే ముందే ఇల్లు స్పష్టంగా కనబడుతుంది. నాకు ఇందులో నచ్చింది అదే. మధ్యాహ్నానికల్లా ముఖం ఎప్పటి ముఖమే. దానికి నాకేం చింత లేదు. 

ఇప్పుడు పిన్నిగారి ఐసు ముక్క దగ్గరికి వద్దాం. ఐసు సున్నా డిగ్రీలు. డీప్ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన ముక్క ఇంకా తక్కువ. దాన్ని నేరుగా ముఖానికి ఆనిస్తే మొదట మండుతుంది. తర్వాత మొద్దుబారుతుంది. మొద్దుబారాక చర్మం దెబ్బ తింటున్నా మనకి తెలియదు. ఎక్కువసేపు ఒకేచోట ఆనిస్తే కాలినట్టే బొబ్బ లేస్తుంది. మనలాంటి చాయ ఉన్న చర్మానికి ఇంకో చిక్కు ఉంది. ఎక్కడ దెబ్బ తగిలినా, మానాక అక్కడ నల్లటి మచ్చ మిగిలిపోవచ్చు. అది పోవడానికి నెలలు పట్టవచ్చు. రంగు తేలాలని ఐసు రుద్ది, నల్లమచ్చ తెచ్చుకుంటామా? తప్పదనుకుంటే ఐసుని మెత్తటి గుడ్డలో చుట్టి, ఒకచోట ఆపకుండా కదుపుతూ అద్దండి. అంతకంటే చన్నీళ్ళలో తడిపి పిండిన చేతిరుమాలు కళ్ళ మీద వేసుకోవడం మేలు. పెళ్ళికూతురికి అది చాలు. 

మరి గిన్నెలో ముఖం ముంచడం? అక్కడ ఇంకో సంగతి ఉంది. ఊపిరి బిగపట్టి ముఖాన్ని చన్నీళ్ళలో ముంచితే గుండె వేగం తగ్గుతుంది. సముద్రంలో మునిగే సీలు, తిమింగలం లాంటి ప్రాణులకి ఇది చాలా గట్టిగా ఉంటుంది. మనుషులకీ కొంత ఉంటుంది. ఒక రకం గుండెదడకి డాక్టర్లు ఈ ఉపాయాన్నే వాడతారు. కానీ అది డాక్టరు ఎదుట ఉండి చేయించే పని. మరీ చల్లటి నీళ్ళు తగిలితే రక్తపోటు కూడా పెరుగుతుంది. అందుకే గుండెజబ్బు ఉన్నవాళ్ళూ, బీపీ అదుపులో లేనివాళ్ళూ ఇంట్లో సొంతంగా ఇలాంటివి చెయ్యకండి. ముంచడం కంటే పోసుకోవడం మేలని నేనంటున్నది అందుకే. పోసుకునేటప్పుడు ఊపిరి ఆడుతూనే ఉంటుంది. వద్దనిపిస్తే చెంబు పక్కన పెట్టొచ్చు. 

ఇంకొంతమంది కూడా దూరంగా ఉండాలి. చల్లగాలి తగిలితే చెంపలో కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి వచ్చేవాళ్ళు, గ్లకోమా లాంటి కంటిజబ్బు ఉన్నవాళ్ళు, సైనస్ నొప్పితో బాధపడుతున్నవాళ్ళు, చలికి తలనొప్పి వచ్చే మైగ్రేన్ వాళ్ళు. మీరెవరైనా సరే డాక్టరుని అడిగాకే. చంటిపిల్లలకి అసలే వద్దు. వాళ్ళ బుగ్గల చర్మం చలికి చాలా సులువుగా దెబ్బ తింటుంది. 

కొందరికి చలి పడక ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. మీకు ఆ అనుమానం ఉంటే ముఖం జోలికి వెళ్ళకండి. ముందు ముంజేతి మీద కాసిని చన్నీళ్ళు పోసుకుని, ఆరి వెచ్చబడేదాకా చూడండి. దురదతో దద్దు లేస్తే అక్కడితో ఆపెయ్యండి. చన్నీళ్ళ స్నానానికీ ఈతకీ కూడా దూరంగా ఉండి, డాక్టరుకి చూపించండి. 

ఒక్క హెచ్చరిక మాత్రం అందరికీ. ముఖం ఉబ్బు అప్పుడప్పుడు వచ్చి, పొద్దెక్కేసరికి పోతే భయం లేదు. కానీ రోజూ పొద్దున్నే కళ్ళ చుట్టూ వాపు ఉంటోందా? పాదాలు కూడా వాస్తున్నాయా? మూత్రంలో నురగ కనబడుతోందా? అయితే అది మూత్రపిండాల జబ్బు కావచ్చు. ముఖం ఉబ్బుతో పాటు బరువు పెరగడం, నీరసం, చలి ఓర్చుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ లోపం కావచ్చు. వీటికి చన్నీళ్ళు మందు కాదు. పైగా, నీళ్ళు పోసుకుంటే తగ్గుతోంది కదా అని రోజులు దాటేస్తే ప్రమాదం. మూత్రపరీక్ష, రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది. దగ్గరలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. 

చివరగా, చెప్పుకున్నదంతా ఒక్కసారి తిరగేద్దాం. చన్నీళ్ళు ముఖం ఉబ్బుని కాసేపు తగ్గిస్తాయి. మత్తు వదిలిస్తాయి. ముఖానికి కాసేపు కళ తెస్తాయి. రంగు మార్చవు, రంధ్రాలు మూయవు, ముడతలు తియ్యవు. ముందు గోరువెచ్చని నీళ్ళతో శుభ్రం, చివరన చన్నీళ్ళు. నుదురు, కుడి చెంప, ఎడమ చెంప, చుట్టూ. ఊపిరి మాత్రం ఆడుతూనే ఉండాలి. ఐసు వద్దు, గిన్నెలో ముంచడం వద్దు. 

నన్నడిగితే ఇది చేసుకోదగ్గ పనే. పైసా ఖర్చు లేదు, నిమిషం పని. అయితే దీన్ని సౌందర్య రహస్యం అనుకోకండి. ముఖానికి పొద్దున పూట ఒక హాయి అనుకోండి. ముఖం నిజంగా బాగుండాలంటే రాత్రి నిద్ర, అన్నంలో తక్కువ ఉప్పు, ఎండలోకి వెళితే గొడుగు. వాటి తర్వాతే చన్నీళ్ళు. 

చల్లగా, కాసేపే, వెచ్చటి ఒంటితో. ఈ మూడు మాటలూ ఇంట్లో ఐసు గిన్నె ముందు కూర్చున్న పిల్లలకి కూడా చెప్పండి. మీరు చెబితే వాళ్ళు వింటారు.